ఊరి సమాచారమే ఊరికి రక్ష

వరద వచ్చిన తరువాత ఆదుకోవడం ప్రభుత్వ ధర్మం. వరద ఎంతవరకు రాగలదో ముందే తెలుసుకొని ఉండడం ఊరి ధర్మం. ఈ రెండవ ధర్మాన్ని మనం ఉపేక్షిస్తున్నాము.

జంషెడ్‌పూర్‌నే తీసుకోండి. ఉక్కు కర్మాగారంలో ఉపాధికై వెళ్ళిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న నగరమది. రాంచీ పీఠభూమి నుండి వచ్చే సువర్ణరేఖ, ఒడిశాలోని మయూర్‌భంజ్ వైపు నుండి వచ్చే ఖర్కాయీ అక్కడి దోముహాని వద్ద కలుస్తాయి. సువర్ణరేఖ నిండుగా పారుతున్నప్పుడు ఖర్కాయీ నీరు అందులో కలవలేక వెనుకకు తన్నుతుంది. బాగ్‌బేడా, కద్మాలోని శాస్త్రినగర్ వంటి పల్లపు ప్రాంతాలకు అదే ముప్పు. 2008 జూన్‌లో నగరం వరద పాలైంది. 2021 మే నెలాఖరులో, ఋతుపవనాలు రాకముందే, యాస్ తుపాను వర్షాలకు రెండు నదులూ ప్రమాదస్థాయిని దాటాయి.

ఆ ప్రమాదస్థాయి మాంగో వంతెన వద్ద సువర్ణరేఖకు 121.50 మీటర్లు, ఆదిత్యపూర్ వంతెన వద్ద ఖర్కాయీకి 129 మీటర్లు. ఇవి సముద్రమట్టం నుండి లెక్కించిన ఎత్తులు. ఇంజనీరుకు ఈ అంకెలు చాలును. పల్లపు వీధిలోని వర్తకునికి చాలవు. తన గడప ఏ అంకె వద్ద మునుగుతుందన్నదే ఆయనకు కావలసిన సమాచారం. అది ఏ కార్యాలయంలోనూ దొరకదు. ఆ వీధి పెద్దల జ్ఞాపకంలో ఉంటుంది.

భద్రాచలం వద్ద గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలు జారీ అవుతాయి. 1986 ఆగస్టులో 75 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులు దాటిన నదిని చూసినవారికి, ఎన్ని అడుగులకు ఏ దారి తెగుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి అనుభవజ్ఞానం వారితోనే అంతరించిపోకుండా వ్రాసి ఉంచుకోవాలి.

మీ ఊరిలోనూ వేసవిలోనే ఒక సభ జరపండి. ఏ సంవత్సరం నీరు ఎక్కడిదాకా వచ్చిందో బడి గోడపైన, గుడి గోడపైన గీత గీసి సంవత్సరం వేయండి. ముందుగా తెగే దారి, మునగని మెరక, పశువుల సంఖ్య, నడవలేని వృద్ధుల ఇండ్లు ఒక పటంలో గుర్తించండి. డీలర్లు ఎరువుల బస్తాలను, విత్తనాలను ఆ గీతకు పైనే నిలువ చేయాలి. రైతులు పంపుసెట్టు మోటారును ఎప్పుడు విప్పి తరలించాలో ముందే నిర్ణయించుకోవాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. మీ పటం ప్రతిని ఆ అధికారులకు అందజేయండి.

ఇక్కడొక చిక్కున్నది. పల్లపు భూమి అని వ్రాస్తే ధర పడిపోతుందని, అప్పు పుట్టదని పలువురు ఈ సమాచారాన్ని దాచిపెడతారు. ఈ భయాన్ని పోగొట్టవలసినది బ్యాంకులే. ఆ పటాన్ని రుణం నిరాకరించడానికి సాకుగా కాక, గిడ్డంగికి, పశువుల పాకకు ఎత్తైన అరుగు కట్టుకొనేందుకు అదనపు రుణమివ్వడానికి ఆధారంగా గ్రహించాలి. విపత్తు తరువాత వాయిదాల గడువు పొడిగించవచ్చును గాని, పొడిగించిన బాకీ తీరిన బాకీ కాదు. అరుగుకు పెట్టే ఖర్చు, తడిసిన సరుకుపై కట్టే వడ్డీకన్న ఎన్నడూ మేలే.

నీరు పల్లమెరుగును. ఆ పల్లమేదో ముందుగా మనమెరిగి ఉండడమే వివేకం.