ఎలుక మాట విన్నారు, కోతి మాట?

1999 సెప్టెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జన్యు చికిత్స ప్రయోగానికి ముందుకొచ్చిన 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్, మందు ఎక్కించిన నాలుగు రోజులకే చనిపోయాడు. జంతువుల్లో ఫలితాలను నమ్మితే ఇంతేనన్న విమర్శ అప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది. నిజానికి జంతువులు చెప్పాల్సింది చెప్పాయి. అందులో తమకు నచ్చిన జవాబుకే పరిశోధకులు ఎక్కువ విలువిచ్చారు.

గెల్సింగర్‌ది పుట్టుకతో వచ్చిన ఓటీసీ అనే ఎంజైమ్ లోపం. మాంసకృత్తుల నుంచి పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చాలంటే ఈ ఎంజైమ్ ఉండాలి. లేకపోతే అమ్మోనియా రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. అతనికి తీవ్రత తక్కువే, పథ్యంతో, మందులతో నెట్టుకొస్తున్నాడు. ఇదే లోపమున్న ఎలుకల జాతి ఒకటుంది. వాటి పిల్లలకు చర్మమంతా ముడతలు, బొచ్చు అక్కడక్కడా మాత్రమే. సరైన జన్యువును అడినోవైరస్‌లో పెట్టి ఎక్కిస్తే ఈ ఎలుకల కాలేయంలో ఎంజైమ్ తయారైంది. జన్యువు చేరితే లోపం తగ్గుతుందా అన్న ప్రశ్నకు అది చక్కటి జవాబే. లక్షల కోట్ల వైరస్ కణాలు ఒక్కసారిగా రక్తంలో దిగితే రోగనిరోధక వ్యవస్థ ఎలా తిరగబడుతుందన్నది వేరే ప్రశ్న. దానికి కోతులు జవాబిచ్చాయి. మరింత ఘాటైన పాతరకం వైరస్‌ను భారీ మోతాదులో ఇచ్చినప్పుడు కొన్ని కోతులు కాలేయం చెడి చనిపోయాయి. వైరస్‌ను మార్చాం, మోతాదు తగ్గించాం, ఇక భయం లేదనుకున్నారు. గెల్సింగర్ సంతకం చేసిన అంగీకార పత్రంలో ఆ కోతుల ప్రస్తావనే లేదు. నా దృష్టిలో అసలు తప్పు ఇదే.

మనుషులకూ జంతువులకూ ఇంత తేడా ఉన్నప్పుడు వాటిని హింసించడమెందుకన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కొత్త మందులకు జంతు పరీక్షలు తప్పనిసరన్న నిబంధనను అమెరికా 2022 చివర్లో చట్టం నుంచి తీసేసింది కూడా. ప్రయోగశాలలో పెంచిన కాలేయ కణాలు ఎంజైమ్ తయారైందో లేదో చెప్పగలవు. అంతకుమించి అడిగితేనే చిక్కు. ఎంపీఎస్-7 అనే మరో ఎంజైమ్ లోపానికి పసికందుగా ఉన్నప్పుడే ఏఏవీ అనే మరో రకం వైరస్‌తో చికిత్స పొందిన ఎలుకల్లో కొన్నింటికి పెద్దయ్యాక కాలేయంలో కణితులు పుట్టాయి. వైరస్ డీఎన్ఏ ఎలుక క్రోమోజోములో ఎక్కడ అతుక్కుందో 2007లో బయటపడింది. ఇంత నిదానంగా తలెత్తే ముప్పును పట్టుకోవాలంటే బతికున్న ఒళ్లు కావాల్సిందే.

ఇన్ని జాగ్రత్తలు పాటిస్తూ కూర్చుంటే పిల్లలు ఆగలేరు కదా అంటారు. ఓటీసీలాగే అమ్మోనియాను వదిలించే సీపీఎస్1 అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసివాడి విషయంలో 2025లో ఫిలడెల్ఫియాలో జరిగింది చూడండి. అతని జన్యు దోషాన్నే ఎలుకలో పెట్టి మందు పనితీరు, కోతుల్లో భద్రత పరీక్షించి, ఆరు నెలల్లో జన్యు సవరణ మందు సిద్ధం చేశారు. వైరస్‌కు బదులు కొవ్వు నానోకణాలు వాడారు కాబట్టి మొదట కావాలనే తక్కువ మోతాదిచ్చి, తర్వాత పెంచగలిగారు. బిడ్డ అదనంగా మాంసకృత్తులు తట్టుకున్నాడు, అమ్మోనియా మందు సగానికి తగ్గింది. అయినా వైద్యులు నయమైందనలేదు, ఇంకా చాలాకాలం గమనించాలనే రాశారు.