సిద్ధవస్తువు సలహా కాదు



ముచ్చటపడి కంప్యూటరుతో ఏదో ఒకటి స్వయంగా చేయబూనినవాడు సలహా అడిగితే సాధారణంగా వినవచ్చే సమాధానం ఒక్కటే: "అది ఇదివరకే ఉన్నదండీ, దించుకొని వాడుకోండి." ఉద్దేశం మంచిదే. కాని అది సలహా కాదని నా అభిప్రాయం.

నా సంగతే తీసుకొందాం. పద్యపాదమిస్తే గురులఘువులు గుర్తించే ప్రోగ్రామును పైథాన్‌లో రాసే ప్రయత్నంలో ఉన్నాను. ఇటువంటి పనికి మిరియాల దిలీప్ గారు 'ఛందం' రూపొందించారని ఎరుగుదును. అయినా నాకు కావలసింది ఫలితం కాదు, మార్గం. 'శ్రీ' మన కంటికి ఒకే అక్షరం. యూనికోడులో శకారం, పొల్లు, రకారం, ఈకారపు గుడిదీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు. వాటిని కూర్చి ఒకే అక్షరంగా లెక్కించడం మొదటి మెట్టు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువనడం రెండవది. చిక్కంతా మూడవ మెట్టు దగ్గరే. 'దివ్యప్రభ'లో 'వ్య' గురువు. 'వాడు ప్రభువు' అన్నచోట 'డు' లఘువే. మొదటిది సంస్కృత సమాసం, రెండవది విడిపదాలు. 'దివ్య ప్రభ' అని ఎడమిచ్చి అచ్చువేస్తే ఆ భేదం యంత్రానికి తెలిసేదెట్లా? ప్రస్తుతం నా ప్రోగ్రాము ఎడం కనబడితే చాలు, లఘువంటున్నది. సంస్కృత పదాల పట్టిక ఇవ్వాలా, సమాసాలను ముందే కలిపి రాయాలా? సలహా కావలసింది ఇక్కడ.

ఇది ఛందస్సుకే పరిమితం కాదు. అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం 2016లో వచ్చాక ఆర్డుయినో బోర్డులు బడిపిల్లల చేతికీ అందాయి. దివిసీమ విద్యార్థి ఒకడు నేలలో తేమ కొలిచే పరికరం చేసుకొంటున్నాడనుకొందాం. మట్టిలో గుచ్చిన రెండు కడ్డీల మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పారితే అంత తేమ ఉన్నట్టని చవకరకం సెన్సరు లెక్క. తీరపు చౌడునేలలో ఉప్పు ఉన్నందువల్ల అది ఉన్న తేమకంటె ఎక్కువ చూపుతుంది. మరొక నేలకు సరిపెట్టిన ప్రోగ్రాము దించుకొంటే వానికి అంకెలు వస్తాయి గాని నిజం రాదు. "మీ పొలం మట్టినే ఎండబెట్టి ఒకసారి, తడిపి ఒకసారి కొలువు, ఆ రెండు అంకెల నడుమ లెక్క కట్టు" అని చెప్పేవారు కావాలి. అదీ తెలుగులో చెప్పేవారు కావాలి. బెజవాడలో విడిభాగాలు దొరకడం కష్టం కాదు, దారి చెప్పే మనిషి దొరకడమే కష్టం.

గణవిభజన చేయబోయే పిల్లవానికి గైడులోని జవాబు చూపే ఉపాధ్యాయుణ్ణి మనం మెచ్చుకోము. నేడు కృత్రిమ మేధ సైతం ప్రోగ్రామంతా క్షణంలో రాసి చేతికిస్తున్నది. కనుక తెలిసిన మనిషి చేయదగినది తర్వాతి మెట్టు చూపడమే.

అడిగేవారికీ ఒక ధర్మమున్నది. చేయదలచినదేమి, చేసినదేమి, వచ్చినదేమి అనే మూడూ చెప్పాలి. "నా ప్రోగ్రాము పనిచేయడం లేదు" అని ఊరకుంటే, వైద్యునితో "ఒంట్లో బాగులేదు" అని ఊరకున్నట్టే.

నా మూడూ పైన విన్నవించాను. ఆ మూడవ మెట్టు గురించి తెలిసిన మిత్రులు ఒక మాట చెబితే కృతజ్ఞుణ్ణి.