పరుగెత్తువాడా, నీ పళ్లు చూచుకొన్నావా?



తెల్లవారుజామున సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని మైదానమునకు వెళ్లి చూడండి. సాగర్ ఎడమ కాల్వ గట్టు మీద చూడండి. మన సంఘముల యౌవనులు చెమటలు కారగా పరుగెత్తుచుందురు. ఒకరు పోలీసు ఉద్యోగము కొరకు, ఒకరు సైన్యము కొరకు, మరొకరు కబడ్డీ జట్టులో చోటు కొరకు. 2020లో గల్వాన్ లోయలో ప్రాణమర్పించిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ గనుక, సైనిక దుస్తులు ధరించవలెనను ఆశ ఇక్కడి పిల్లలలో ఉండుట ఆశ్చర్యము కాదు.

తల్లి గుడ్లు ఉడకబెట్టి పెట్టును. తండ్రి అప్పు చేసియైనను బూట్లు కొనిచ్చును. కాలు బెణికితే ఇల్లంతా కంగారుపడును. అయితే ఆ పిల్లవాని నోరు తెరిపించి చూచినవారు ఎందరు?

ఇది చిన్న విషయము కాదు. సైన్యములో చేరువానికి పరుగు ఒక్కటే పరీక్ష కాదు. వైద్య పరీక్షలో పళ్లను కూడ లెక్కించెదరు. క్రింది పన్ను, పై పన్ను కలిసి నమలగలవా అని చూచి పాయింట్లు వేయుదురు. ముందు పళ్లకు ఒక్కొక్క పాయింటు, పెద్ద దవడ పళ్లకు రెండేసి. 32 పళ్లు చక్కగా ఎదిగినవానికి మొత్తము 22 పాయింట్లు. కనీసము 14 ఉండవలెను. చిగుళ్లకు పయోరియా ముదిరినవానిని తీసుకొనరు. నెలల తరబడి పరుగెత్తి నెగ్గినవాడు, నోరు తెరచిన నిమిషములో ఇంటి ముఖము పట్టవలసి రావచ్చును. పన్ను నొప్పి పుట్టగానే, “పీకించుకొంటే పీడ పోతుంది” అనుట మన ఊళ్లలో అలవాటు. ఒక దవడ పన్ను పోతే దానికి ఎదురుగా ఉన్న మంచి పన్ను కూడ పనిలేనిదగును. గనుక పీకించుటకు ముందు, “సిమెంటు నింపిగాని, రూట్ కెనాల్ చేసిగాని దీనిని నిలుపగలరా?” అని దంతవైద్యుని తప్పక అడుగవలెను.

ఇది పల్లెటూరి పేదల సమస్య మాత్రమే అనుకొనకండి. 2012లో లండన్ ఒలింపిక్స్‌కు వచ్చిన 302 మంది క్రీడాకారుల నోళ్లను దంతవైద్యులు పరీక్షించిరి. వారిలో నూటికి 55 మందికి పుచ్చు పళ్లు, 76 మందికి చిగుళ్ల వాపు కనబడెను. నోటి బాధ వలన తమ సాధనకో ఆటకో దెబ్బ తగిలినదని నూటికి 18 మంది చెప్పిరి. లోకములోనే శ్రేష్ఠులైన ఆటగాళ్ల సంగతి ఇది!

ఆటగాని నోరు ఎందుకు పాడగును? దేవుడు మన నోటిలో ఉమ్మిని ఊరికే పెట్టలేదు. అది ఆహారపు పులుపును కడిగివేసి, పన్ను పైపొరను కాపాడును. పరుగెత్తువాడు నోటితో గాలి పీల్చును. నోరు ఎండిపోవును. ఆ ఎండిన నోటిలో కూల్ డ్రింకో, బలమునకని తీపి పానీయమో కొద్దికొద్దిగా చప్పరించినయెడల, ఆ చక్కెరను సూక్ష్మక్రిములు తిని ఆమ్లము పుట్టించును. పానీయములోని పులుపు దానికి తోడగును. కడుగుటకు ఉమ్మి లేదు. ఇట్లు దినదినము జరిగితే పన్ను కరుగును. కాబట్టి మైదానమునకు మంచినీళ్ల సీసాయే తీసుకొని వెళ్లండి. ఇంటికి వచ్చిన తరువాత మజ్జిగ త్రాగండి. పుల్లనిది త్రాగితే నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి బ్రష్షు పట్టుకొనండి. వెంటనే రుద్దితే మెత్తబడిన పైపొర అరిగిపోవును.

మన ప్రాంతమునకు మరియొక బాధ ఉన్నది. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడినది. పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరు కలిపి ఆ నీటిని బాగుచేయు పద్ధతికి “నల్లగొండ విధానము” అను పేరే నిలిచినది. పళ్లు దవడలో రూపుదిద్దుకొను చిన్నతనములో అట్టి నీళ్లు త్రాగినవారికి పళ్లపై తెల్లని, గోధుమరంగు మచ్చలు, కొందరికి గుంటలు ఏర్పడినవి. బహుమతి తీసుకొనునప్పుడు కూడ నోటికి చేయి అడ్డము పెట్టుకొను ఆడపిల్లలు మన మధ్య ఉన్నారు. అమ్మా, చెల్లీ, ఆ మచ్చ నీ తప్పు కాదు, శుభ్రత లేకపోవుటయు కాదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు పెట్టి తోమితే అది పోదు, పైపొర మాత్రము పోవును. లోతైన గుంటలుంటే దంతవైద్యుడు నింపగలడు. ఇండ్లలో పసిపిల్లలకు బోరు నీళ్లు కాక నళ్లాకు వచ్చు శుద్ధిచేసిన నది నీళ్లే త్రాగనియ్యండి.

“ఇంత ఫ్లోరైడ్ ఉండగా ఫ్లోరైడ్ పేస్టు ఎందుకు?” అని కొందరు అడుగుదురు. కీడు చేసినది ఏండ్ల తరబడి మ్రింగిన నీళ్లు. పెద్దవారు తోముకొని ఉమ్మివేయు పేస్టు ఆ కీడు చేయదు, పుచ్చును ఆపును. చిన్నపిల్లలు మ్రింగుదురు గనుక మూడేండ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆరేండ్ల వరకు బఠాణీ గింజంత చాలును.

ఉదయము తోముట మనకు అలవాటే. రాత్రి తోముట చాలమందికి లేదు. నిద్రలో ఉమ్మి తగ్గును గనుక రాత్రి తోముటయే ముఖ్యము. రెండు నిమిషములు, మెత్తని బ్రష్షుతో తోమవలెను. చిగుళ్ల నుండి రక్తము వస్తే తోముట మానివేయుదురు. అది పొరపాటు. రక్తము వచ్చుట అక్కడ గార పేరుకొనినదను హెచ్చరిక. మెత్తగా తోముచు, దంతవైద్యునిచే గార తీయించుకొనవలెను. గుట్కా, ఖైనీ నోట పెట్టుకొని మైదానములో దిగు తమ్ముళ్లారా, చిగుళ్లను చంపుచున్నది అదే. నోటి క్యాన్సరుకు దారి వేయునదియు అదే.

ఇక దెబ్బల మాట. కబడ్డీ అంటే మన వారికి ప్రాణము. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడిన సంగతి ఎవరును మరువలేదు. అది అందరి కంట పడిన ప్రమాదము. ఎవరి కంటను పడని ప్రమాదములు ప్రతి మైదానములో జరుగుచున్నవి. మోకాలు మూతికి తగులును, తలకు తల తగులును, ముందు పన్ను విరుగును. దంతవైద్యుడు కొలత తీసి చేయు మౌత్‌గార్డ్ అన్నిటికంటె మంచిది. అంత స్తోమత లేనివారికి వేడినీళ్లలో మెత్తబరచి కరచి అమర్చుకొను రకము ఆటవస్తువుల దుకాణములలో దొరకును.

శాశ్వతమైన పన్ను వేరుతో సహా ఊడి పడితే పారవేయకండి. తెల్లని భాగమును పట్టుకొనండి, వేరును తాకకండి, రుద్దకండి. మట్టి ఉంటే నీళ్లతో ఒక్క క్షణము కడిగి, ఆ గుంటలోనే తిరిగి పెట్టి మెల్లగా గుడ్డను కరచి ఉంచవలెను. అట్లు కుదరనియెడల పాలలో వేసి, అరగంటలోనే దంతవైద్యుని యొద్దకు పరుగెత్తవలెను. గంట దాటితే అది బ్రదుకు ఆశ చాల తగ్గును. పాలపన్నునైతే తిరిగి పెట్టరాదు.

“దేవుని పిల్లలకు ఆటలెందుకు?” అని మన పెద్దలు కొందరు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 4:8 చూపించుదురు. శరీర సాధన కొంచెమే ప్రయోజనకరమని అపొస్తలుడు చెప్పెను నిజమే. అసలే లేదనలేదు. కొరింథీయులకు వ్రాయునప్పుడు పందెపు మైదానమునే ఉదాహరణగా తీసుకొనెను (1 కొరింథీ 9:24-27). ఆ పట్టణము దగ్గర రెండేండ్లకొకసారి ఆటలు జరుగుచుండెను. గెలిచినవానికి వాడిపోవు ఆకుల కిరీటము పెట్టుచుండిరి. ఆ కిరీటము కొరకే వారు అన్ని విషయములలో మితముగా ఉండిరని పౌలు గుర్తుచేసెను. అన్ని విషయములలో అన్నప్పుడు కాళ్లు మాత్రమే కాదు, నోరు కూడ ఉన్నది.

సామెతలు 25:19 తెరచి చదువుకొనండి. ఆపత్కాలములో నమ్మదగనివానిని జ్ఞాని విరిగిన పంటితోను, కీలు తప్పిన కాలితోను పోల్చెను. పన్నును, కాలును ఒకే మాటలో పెట్టెను చూచితిరా! అవసరమైన దినమున రెండును మోసము చేయును.

తల్లిదండ్రులారా, ఈ నెలలో ఒక రాత్రి భోజనమైన తరువాత దీపము దగ్గర మీ పిల్లల నోరు తెరిపించి చూడండి. నల్లని చుక్కగాని, వాచిన చిగురుగాని కనబడితే నొప్పి పుట్టువరకు ఆగకండి. యౌవనులారా, బూట్లు కొనుటకు ముందు ఒక్కసారి దంతవైద్యుని కుర్చీలో కూర్చుండండి. పుచ్చు చిన్నదిగా ఉన్నప్పుడు ఖర్చు చిన్నది. ఆలస్యము చేస్తే ఖర్చు పెరుగును, పన్నే పోవచ్చును.

మన బిడ్డల పాదములను తొట్రిల్లనియ్యని ప్రభువు, వారి నోటిని ఆరోగ్యముతోను నవ్వుతోను నింపును గాక. ఆమేన్.