మీది ఏ ఊరు?

పరీక్షలు అయిపోయాయి కాబట్టి మళ్ళీ తెలుగులో రాయడానికి కూర్చున్నాను. ఈసారి కథ కాదు, నా అభిప్రాయం. నాకు పెద్ద మాటలు రావు. చిన్న మాటల్లోనే చెబుతాను.

మనవాళ్ళ ఇంట్లో పెళ్ళికో పూజకో వెళితే, ఎవరో ఒక ఆంటీ తప్పకుండా అడుగుతారు. "మీది ఏ ఊరమ్మా?" నేను పుట్టిందీ పెరిగిందీ డాలస్ పక్కన. ఆ మాట చెబితే ఆవిడకి సరిపోదు. "అది కాదమ్మా, మీ సొంత ఊరు?" అప్పుడు "తెనాలి దగ్గర" అంటాను. ఆవిడ సంతోషిస్తారు. నిజానికి ఆ ఊళ్ళో నేను మొత్తం కలిపి నాలుగు నెలలు కూడా ఉండలేదు. ఇప్పుడేమో చదువు కోసం ఆస్టిన్‌లో ఉంటున్నాను. అంటే నాకు మూడు ఊళ్ళు ఉన్నాయి. కానీ ఓటు ఒక్కటే. అది ఎక్కడ ఉండాలి?

నా జవాబు ఇది: కాలేజీలో చదువుకునేవాళ్ళు ఎక్కడ ఉంటున్నారో అక్కడే ఓటు పెట్టుకోవాలి. ఈ జవాబు నాకు మొదట్లో తెలియదు. ఒక ఓటు పోగొట్టుకున్నాక తెలిసింది.

2024లో నాకు 18 ఏళ్ళు వచ్చాయి. మా ఇంట్లో ఓటు ఉన్నది నాకొక్కదానికే. అమ్మకీ నాన్నకీ గ్రీన్ కార్డు ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. తమ్ముడు చిన్నవాడు. అమ్మ ఆఖరిసారి ఓటు వేసింది 2004లో, తెనాలి దగ్గర బడిలో. అప్పటి నుంచి ఆవిడ ఎక్కడా ఓటు వెయ్యలేదు. అందుకే నా ఓటు అంటే మా ఇంటి ఓటు.

ఆగస్టులో ఆస్టిన్ వచ్చేటప్పుడు అమ్మని అడిగాను, "అమ్మా, ఓటు ఆస్టిన్‌కి మార్చుకోనా?" అని. అమ్మ ఒప్పుకోలేదు. "ఓటు సొంత ఊళ్ళోనే ఉండాలి తల్లీ. హాస్టల్ గదికి ఓటేంటి?" అంది. అమ్మ అలా అనడానికి కారణం ఉంది. అదే ఏడాది మే 13న ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలు జరిగాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు రాత్రంతా ప్రయాణం చేసి, ఊరికి వెళ్ళి ఓటు వేసి వచ్చాడు. ఆ రోజుల్లో విజయవాడ హైవే టోల్ గేట్ల దగ్గర కార్లు ఎలా బారులు తీరాయో మీరు కూడా వీడియోల్లో చూసే ఉంటారు. అన్నయ్య వేలి మీద సిరా చుక్క ఫోటో చూసి అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఓటు అంటే ఊరికి వెళ్ళడం. అమ్మకి తెలిసింది అదే.

నేను అమ్మ మాటే విన్నాను. ఓటు డాలస్ పక్కనే ఉంచాను. నవంబరు 5 మంగళవారం. బుధవారం నాకు పరీక్ష. ఇంటికి కారులో మూడు గంటల పైనే పడుతుంది. సరే, పోస్టులో ఓటు వేద్దామనుకున్నాను. టెక్సస్‌లో దానికి దరఖాస్తు ప్రింట్ చేసి, సంతకం పెట్టి పంపాలి. అది అక్టోబరు 25 లోపల వాళ్ళకి అందాలి. నా దగ్గర స్టాంపు లేదు. నవ్వకండి, నేను అప్పటిదాకా ఎప్పుడూ స్టాంపు కొనలేదు! రేపు, ఎల్లుండి అంటూ వారం గడిచింది. నా కాగితం ఆలస్యంగా చేరింది. తప్పు నాదే. కానీ ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "వేశావా?" అని అడిగినప్పుడు నాకు మాట రాలేదు. నలుగురున్న ఇంట్లో ఒక్క ఓటు. అది కూడా పోయింది.

తర్వాత ఒక క్లాసులో ప్రెయిరీ వ్యూ గురించి చదివాను. అది హ్యూస్టన్ దగ్గర వాలర్ కౌంటీలో, నల్లజాతి విద్యార్థుల కోసం మొదలైన పాత కాలేజీ. 1971లో 26వ రాజ్యాంగ సవరణ వచ్చి ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. కానీ వాలర్ కౌంటీలో ఓటర్లని నమోదు చేసే అధికారి ఆ విద్యార్థుల చేతికి ఒక ప్రశ్నల కాగితం ఇచ్చేవాడు. ఈ కౌంటీలో నీకు ఇల్లు ఉందా? ఉద్యోగం ఉందా? కారు ఇక్కడ రిజిస్టర్ అయిందా? ఏదైనా చర్చిలోనో క్లబ్బులోనో సభ్యుడివా? చదువు అయ్యాక ఏం చేస్తావు? సెలవుల్లో ఎక్కడ ఉంటావు?

అది చదువుతుంటే నాకు ఆంటీ ప్రశ్న గుర్తొచ్చింది. రెండూ ఒకే ప్రశ్న: "మీది ఏ ఊరు?" కానీ ఆంటీ నన్ను కలుపుకోవడానికి అడుగుతారు. ఆ అధికారి బయట ఉంచడానికి అడిగాడు.

కేసు ఫెడరల్ కోర్టుకి వెళ్ళింది. మిగతావాళ్ళని అడగని ప్రశ్నలు విద్యార్థుల్ని మాత్రమే అడగడం తప్పని కోర్టు చెప్పింది. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఆ కేసు పేరు సిమ్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్. నాకంటే ముందు ఎవరో కొట్లాడి తెచ్చుకున్న హక్కుని నేను "హాస్టల్ గదికి ఓటేంటి" అని వదిలేశానన్నమాట.

"నాలుగేళ్ళు ఉండి పోయేవాళ్ళకి ఇక్కడి పన్నుల మీద ఓటు ఎందుకు?" అని కొందరు అంటారు. ఇది చెడ్డ ప్రశ్న కాదు. కానీ రెండేళ్ళ ఉద్యోగం కోసం వచ్చిన ఇంజినీరుని ఎవరూ అలా అడగరు కదా? ఆస్తి పన్ను పెరిగితే అది మా అద్దెలో కూడా కలుస్తుంది. నేను వెళ్ళిపోయినా నా గదిలోకి ఇంకొక విద్యార్థి వస్తుంది. జనాభా లెక్కల్లో కూడా మమ్మల్ని కాలేజీ ఉన్న ఊళ్ళోనే లెక్కపెడతారు. లెక్కకి పనికొచ్చినవాళ్ళం ఓటుకి పనికిరామా?

ఇంకొక మాట. మీ ఓటు ఇంటి దగ్గరే ఉండాలని మీకు గట్టిగా ఉంటే, ఉంచుకోండి. చట్టం దానికి కూడా ఒప్పుకుంటుంది. రెండు చోట్లా వెయ్యడం మాత్రం నేరం. కానీ ఇంటి దగ్గర ఉంచుకుంటే సెప్టెంబరులోనే స్టాంపు కొనండి!

ఇప్పుడు పని సంగతి. ఇండియాలో ఓటర్ల జాబితా కోసం మనిషి ఇంటింటికీ వస్తాడని అమ్మ చెబుతుంది. ఇక్కడ ఎవరూ రారు. మనమే వెళ్ళాలి. నార్త్ డకోటాలో నమోదే లేదు. మిన్నెసోటా, విస్కాన్సిన్‌లో ఎన్నిక రోజున కూడా చేసుకోవచ్చు. టెక్సస్‌లో 30 రోజుల ముందే అయిపోవాలి. ఇక్కడ ఓటు వెయ్యడానికి కాలేజీ ఐడీ చెల్లదు. తుపాకీ లైసెన్సు చెల్లుతుంది! డ్రైవింగ్ లైసెన్సు తీసుకెళ్ళండి. దాని మీద మీ అమ్మావాళ్ళ అడ్రస్ ఉన్నా ఫరవాలేదు. గది మారినప్పుడల్లా అడ్రస్ మాత్రం మార్చుకోవాలి.

ఇది చాలా ముఖ్యం: మీకు అమెరికా పౌరసత్వం లేకపోతే ఆ ఫారం నింపకండి. క్యాంపస్‌లో టేబుల్ వేసుకున్నవాళ్ళు నవ్వుతూ అందరికీ పెన్ను ఇస్తారు. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్4 ఉన్నా, ఎఫ్1 ఉన్నా సంతకం పెట్టకండి. పౌరులం కాకుండా పౌరులమని రాస్తే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది. మనలో అన్ని రకాల కాగితాలవాళ్ళూ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

నేను 2025 వసంతంలో ఆస్టిన్‌లో నమోదు చేసుకున్నాను. నవంబరు 4న మొదటి ఓటు వేశాను. అధ్యక్షుడి ఎన్నిక కాదు. 17 రాష్ట్ర రాజ్యాంగ సవరణలు, వాటితో పాటు సిటీ ఆస్తి పన్ను పెంచాలా వద్దా అన్న ప్రశ్న. అన్నీ ముందు రాత్రి కూర్చుని చదివాను. లోపలికి వెళ్ళి వచ్చేసరికి పదిహేను నిమిషాలు పట్టింది. మళ్ళీ బస్సెక్కి క్లాసుకి వెళ్ళాను.

అమ్మకి ఫోన్ చేశాను. ఈసారి కొత్తగా నేర్చుకున్న మాట వాడాను. "అమ్మా, ఓటుకి సొంత ఊరు అక్కర్లేదు, నివాసం చాలు. ఇండియా చట్టంలో కూడా మామూలుగా ఉండే చోటు అనే రాసుందట." అమ్మ నవ్వింది. "నీ తెలుగు బాగుపడింది" అంది. తర్వాత కాసేపు ఆగి, "సరే, మీ ఊళ్ళో ఓటర్లు బాగా వచ్చారా?" అని అడిగింది.

మీ ఊళ్ళో, అంది. ఆస్టిన్‌ని.