బిల్లు కట్టాక కూడా తలాషీయా?

పెద్ద దుకాణాల గేటు దగ్గర మన ఆడవాళ్లు చేసే ఒక పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గార్డు నోరు తెరవకముందే వీళ్లు హ్యాండ్‌బ్యాగ్ నోరు తెరిచేస్తారు. ఒక చేతిలో బిల్లు, ఇంకో చేతిలో బ్యాగు పట్టుకుని "చూసుకో బాబూ" అంటారు. అడగని తలాషీకి ముందే హాజరు! ఎందుకు ఖాలా అంటే, "ఊరికే షక్ ఎందుకు రానివ్వాలి బేటా" అని జవాబు. అంటే పైసలు కట్టి సామాను కొన్న మనిషి, తాను చోర్ కాదని తానే సబూత్ ఇచ్చుకుంటూ బయటికి నడవాలన్నమాట. ఈ కాయిదా ఎవరు పెట్టారు? ఏ ఖానూన్‌లో ఉంది?

తెలుగులో హక్కు అనే మాట మన ఇంట్లో పలికే హఖ్ నుంచి వచ్చిందే. తనిఖీ, రసీదు, ఫిర్యాదు, వకీలు, దుకాణం... ఇవన్నీ అటునుంచి వచ్చినవే. ఇన్ని మాటలు ఇచ్చినవాళ్లం, గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తుకు రాదు.

ముందు రెండు తనిఖీలను వేరు చేసి చూడాలి, ఎందుకంటే దుకాణాలవాళ్లు వాటిని కావాలనే కలిపేస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు మెటల్ డిటెక్టర్‌తో చూసేది అందరి ప్రాణాల కోసం. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం ఒకటి వచ్చింది. జనం పెద్దసంఖ్యలో పోగయ్యే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని, లోపలికి వచ్చేవాళ్ల మీద నిఘా ఉండాలని అది చెప్పింది. దానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అందరికీ ఒకేలా జరిగినంతవరకు సంతోషంగా నిలబడతాను. బయటికి వచ్చేటప్పుడు జరిగేది మాత్రం వేరే సంగతి. అది దుకాణందారు తన సరుకు కోసం చేసుకునే ఎహ్‌తియాత్. దానికి "సెక్యూరిటీ" అని పేరు పెట్టి మనల్ని భయపెట్టకూడదు.

లోపలికి రానివ్వడం, రానివ్వకపోవడం యజమాని మర్జీ అంటారు, చాలావరకు నిజమే. పెద్ద సంచీ కౌంటర్ దగ్గర పెట్టి రమ్మని అడగొచ్చు. నచ్చకపోతే మనం వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. కానీ సామాను ఎంచుకుని, పైసలు కట్టి, రసీదు తీసుకున్నాక ఆ సామాను మన మిల్కియత్. మన హ్యాండ్‌బ్యాగ్ మొదటినుంచీ మనదే. అక్కడినుంచి ఆ గార్డు చేయగలిగింది అడగడం మాత్రమే. మనం ఇజాజత్ ఇస్తే చూస్తాడు, లేకపోతే లేదు. గోడ మీది బోర్డు ఒకసారి చదవండి, అక్కడ కూడా "తనిఖీకి సహకరించండి" అనే ఉంటుంది. సహకరించమని అడుగుతున్నారంటేనే అది హుకుం కాదని వాళ్లకూ తెలుసు.

మరి నిజంగా షక్ ఉంటే? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 40వ సెక్షన్ చూడండి. మామూలు మనిషి ఎవరినైనా పట్టుకోవాలంటే, ఆ నేరం తన కళ్లముందు జరగాలి. అదీ పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా దొరకని నేరం కావాలి. పట్టుకున్నాక 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. ఖాకీ రంగు చొక్కా వేసుకున్నా ప్రైవేట్ గార్డు ఖానూన్ దృష్టిలో మామూలు మనిషే. ఇంకో ముచ్చట. కొత్త చట్టాల ప్రకారం 5,000 రూపాయల లోపు సొత్తు దొంగతనాన్ని బెయిలు దొరికే నేరాల్లో చేర్చారు, పోలీసులు కూడా నేరుగా కేసు కట్టే రకం కాదు. అంటే ఒక లిప్‌స్టిక్ మీద, ఒక చాక్లెట్ మీద గుమాన్‌తో ఎవరినో పక్క గదిలో గంటసేపు కూర్చోబెట్టే అధికారం ఆ దుకాణానికి ఎక్కడిది? దారికి అడ్డంగా నిలబడి కదలనివ్వకపోవడం న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. గదిలో పెట్టి తలుపు వేయడం 127వ సెక్షన్ కింద నేరం, ఏడాది వరకు జైలు ఉంది. కసూర్ ఎవరిదో చూడండి మరి!

ఆడవాళ్ల సంగతికొస్తే ఖానూన్ ఇంకా సాఫ్‌గా ఉంది. అరెస్టు చేసిన స్త్రీని సోదా చేయాలన్నా ఇంకో స్త్రీయే చేయాలి, అదీ పూర్తి మర్యాదతో. పోలీసులకే ఆ హద్దు ఉన్నప్పుడు, ఒక షోరూమ్ గార్డు ఏ హఖ్‌తో మన ఇంటి ఆడవాళ్ల పర్సులో చేయి పెడతాడు?

పోయిన రంజాన్‌లో మా ఖాలాకు ఇదే జరిగింది. మా ఊళ్లోనే ఒక పెద్ద బట్టల షోరూమ్. పేరు రాయను. ఈద్ బట్టలు కొని ఖాలా, ఆమె బహు బయటికి వస్తున్నారు. వాళ్ల ముందు వెళ్లిన రెండు కుటుంబాల బిల్లు మీద రంధ్రం కొట్టి పంపేశారు. వీళ్ల వంతు వచ్చేసరికి బ్యాగు తెరవమన్నాడు. తెరిచాక కళ్లతో చూసి ఊరుకోలేదు, చేయి పెట్టి కెలికాడు. అందులో ఏముంది? గుండె మాత్రల డబ్బా, తస్బీహ్, రుమాల్‌లో ముడివేసిన ఫిత్రా పైసలు. ఆ ముడి కూడా విప్పమన్నాడు. వెనక లైన్లో జనం. ఖాలా చేతులు వణికి మాత్రలు నేలమీద పడిపోయాయి, బహు వంగి ఏరుకుంది. బహు మేనేజర్‌ను పిలిచి అడిగితే "అందరికీ చేస్తాం మేడమ్" అన్నాడట. ముందున్న రెండు కుటుంబాలు ఆ "అందరి"లో లేవా? బురఖా లేదు కాబట్టి లెక్కలోకి రాలేదా? ముఆఫీ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఇంటికొచ్చాక ఖాలా అన్న మాట నన్ను ఇంకా ఎక్కువ కోసింది: "ముందే నేనే తెరిచి చూపిస్తే అయిపోయేది."

లేదు ఖాలా. మీరు ముందే చూపించినా, బురఖాను చూసి ఆగే కళ్లు అక్కడే ఆగుతాయి. పైగా మీ వెనక వచ్చే ఆడపిల్ల తెరవకపోతే, ఆమె మీద షక్ రెండింతలు అవుతుంది. ఇంతమంది చూపిస్తున్నారు, నీకేం నొప్పి అంటారు. మన లిహాజ్ వాళ్లకు రివాజు అయి కూర్చుంది.

కొందరు బుజుర్గులు "సబ్ర్ చేయండి, చిన్న విషయం" అంటారు. సబ్ర్‌కు నేను సలామ్ చేస్తాను. కానీ సూరా హుజురాత్‌లో బద్‌గుమానీని, ఒకరి గుట్టు తవ్వడాన్ని ఎంత గట్టిగా వద్దన్నారో ఆ బుజుర్గులే మనకు సబఖ్‌గా చెప్పారు. తప్పు చేసేవాడికి చెప్పాల్సిన మాట అది. పడేవాడికి చెప్పి పంపిస్తే ఎలా?

దుకాణాలవాళ్ల వాదన కూడా విందాం. దొంగతనాలు జరుగుతాయి, నుక్సాన్ మాకే కదా అంటారు. జరుగుతాయి, కాదనను. కానీ ఎందుకు జరుగుతాయి? పత్తర్‌గట్టిలోనో, మదీనా దగ్గరో పాత బట్టల దుకాణానికి వెళ్లండి. సేట్ తెల్లటి పరుపు మీద కూర్చుని తాను విప్పి చూపిస్తాడు. పది థాన్లు చూసి ఏమీ కొనకపోయినా ఎవరూ మీ సంచీ అడగరు. చూపించే మనుషులకు జీతాలు ఇస్తున్నారు కాబట్టి సరుకు వాళ్ల కళ్లముందే ఉంటుంది. పెద్ద స్టోర్లు ఆ జీతాలు తగ్గించుకుని, మీరే తీసుకోండి, మీరే బుట్టలో వేసుకోండి అన్నాయి. లాభం అందులోనే ఉంది. ఆ పద్ధతితో వచ్చే ఖతరా కూడా వాళ్లదే కావాలి కదా! లాభం వాళ్లకు, తలాషీ మనకు.

పైగా పోయే సరుకంతా కొనేవాళ్ల సంచుల్లో పోదు. లోపలి సిబ్బంది చేతివాటం ఉంటుంది, సరఫరాదారు తక్కువ పంపడం ఉంటుంది, లెక్కల్లో గల్తీ ఉంటుంది. గేటు దగ్గర బిల్లును సామానుతో సరిచూసేది క్యాషియర్ మీద కన్నేసి ఉంచడానికి కూడా. బీప్ మోగిందని మనిషి చోర్ అయిపోడు. క్యాషియర్ ట్యాగ్ తీయడం మరిచినా మోగుతుంది, వేరే దుకాణంలో కొన్న బట్టకు ట్యాగ్ మిగిలినా మోగొచ్చు. నెత్తిమీద ఇన్ని కెమెరాలు ఉన్నాయి, వాటిని చూసుకోండి.

గార్డు మీద మాత్రం అరవకండి. పొద్దంతా కాళ్లమీద నిలబడే గరీబ్ నౌకరీ అది, ఏజెన్సీ ఇచ్చే కొద్దిపాటి జీతం. ఆ కుర్రాడిది మన మొహల్లానే కావచ్చు. ఎవరిని ఆపాలో పైవాడు కనుసైగ చేస్తాడు. జవాబు చెప్పాల్సింది ఆ పైవాడు.

సంచీల పేరుతో జరిగే ఇంకో తమాషా ఉంది. ఇంటినుంచి తెచ్చిన గుడ్డసంచీని లోపలికి రానివ్వరు. బిల్లు దగ్గర "క్యారీ బ్యాగ్ కావాలా" అని తమ పేరు అచ్చేసిన సంచీని అమ్ముతారు. మన పైసలతో వాళ్ల ప్రచారం! 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం 3 రూపాయల కాగితం సంచీకి బాటా కంపెనీ మీద మొత్తం 9,000 రూపాయలు వేసింది. 2020 డిసెంబర్‌లో జాతీయ కమిషన్ బిగ్ బజార్ కేసులో ఇంకా ముందుకు వెళ్లింది. ముందుగా చెప్పకుండా, సామాను ఎంచుకున్నాక బిల్లు దగ్గర సంచీ ధర కలపడం అనుచిత వ్యాపార పద్ధతి అని, వెంటనే ఆపాలని ఆదేశించింది. సొంత సంచీ తేనివ్వని సంగతిని కూడా అందులో చూసింది.

కౌంటర్‌లో టోకెన్ ఇచ్చి తీసుకున్న మన సంచీ వాళ్ల దగ్గర అమానత్. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, జాగ్రత్త ఉన్న మనిషి తన సొంత సొత్తును చూసుకున్నట్టు దాన్ని చూసుకోవాలి. "పోతే మా జిమ్మేదారీ కాదు" అన్న బోర్డు చూసి పోయిన వస్తువు మీద ఆశ వదులుకోకండి. పైసలు, నగలు, ఫోన్ మాత్రం అందులో ఎప్పుడూ వదలకండి.

గేటు దగ్గర రెండు మాటలు చాలు: "బిల్లు చూపిస్తాను, బ్యాగు తెరవను. షక్ ఉంటే పోలీసులను పిలవండి, లేడీ కానిస్టేబుల్ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను." గొంతు పెంచొద్దు, పారిపోవద్దు, తోయొద్దు. గార్డుల ఏజెన్సీకి లైసెన్సు, గార్డుకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉండాలని 2005 చట్టం చెప్తోంది. ఆ కార్డు మీది పేరు, టైము రాసుకోండి. కెమెరా రికార్డింగ్ చెరిపేయొద్దని అదే రోజు రాతపూర్వకంగా అడగండి, ఆలస్యమైతే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. రసీదు పారేయకండి.

ఆ తర్వాత 1915కు ఫోన్ చేయొచ్చు. దానితో పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. దుకాణం ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 2 ఏళ్ల లోపు వేయాలి. ఫిర్యాదులో హర్జానా ఒక్కటే అడిగి ఊరుకోకండి. 2019 చట్టం 39వ సెక్షన్ కింద ఇలాంటి పద్ధతినే ఆపించే అధికారం కమిషన్‌కు ఉంది. మనుషులను ఏరి ఆపడం మానాలని, గేటు దగ్గర ఆడవాళ్ల బ్యాగులో మగ గార్డు చేయి పెట్టకూడదని ఆ కాగితంలో విడిగా రాయండి.