డెబ్బై అంకెకు చెల్లించే మూల్యం

అమెరికాలో స్థిరపడిన తెలుగు సోదరుడొకరు ఇటీవల మమ్మల్ని ఒక సలహా కోరారు. కుమార్తె పుట్టిన నాటి నుండి ఆయన ఏటా ఒక ‘సిల్వర్ ఈగిల్’ వెండి నాణేన్ని, అదీ అత్యున్నత గ్రేడు పొందినదాన్ని, హెచ్చు ధరకు కొని భద్రపరచారు. ఇప్పుడామె కళాశాల చదువు కోసం అమ్మబోతే, వెండి వెలకు మించి ఇచ్చేవారు అరుదయ్యారట. తాను మోసపోయానా అన్నది ఆయన ప్రశ్న. ఎవరూ మోసగించకపోయినా ఇలా జరగవచ్చునన్నది మా సమాధానం.

నాణేల స్థితిని 1 నుండి 70 వరకు గల కొలమానంతో నిర్ణయిస్తారు. 1986లో ప్రారంభమైన పీసీజీఎస్, 1987లో ప్రారంభమైన ఎన్‌జీసీ అనే సంస్థలు నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. అయిదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో సైతం లోపం కనిపించనిదానికే 70 లభిస్తుంది. 69కి, 70కి గల భేదాన్ని మామూలు కంటితో పసిగట్టడం దుర్లభం. ధరలో మాత్రం ఆ భేదం ఎంతో పెద్దది.

నూరేళ్లనాటి నాణేలు చేతులు మారి అరిగిపోయాయి. కనుక వాటిలో చెక్కుచెదరనివి నిజంగానే అరుదు. ఆధునిక నాణేల సంగతి వేరు. సిల్వర్ ఈగిల్ 1986లో మొదలైంది. ఒక్క 2011లోనే దాదాపు నాలుగు కోట్లు తయారయ్యాయి. వాటిని కొన్నవారు తొలినాటి నుండే జాగ్రత్తగా దాచారు. 70 గ్రేడు నాణేలు కొద్దిగా ఉన్నప్పుడు ధర ఆకాశాన్నంటుతుంది. ఆ ధరను చూసి మరెందరో తమ నాణేలను పరీక్షకు పంపుతారు. 70ల సంఖ్య పెరిగేకొద్దీ ధర దిగుతుంది.

1995లో వెస్ట్ పాయింట్ టంకశాల ముద్రించిన సిల్వర్ ఈగిల్ ఇందుకు నిదర్శనం. అవి కేవలం 30,125. అందులో 70 గ్రేడు పొందిన ఒక నాణెం 2013లో 86 వేల డాలర్లకు పైగా పలికింది. అదే గ్రేడుకు మరిన్ని నాణేలు చేరేసరికి ధర అందులో సగానికి ఎంతో దిగువకు పడిపోయింది. అంత అరుదైన నాణేనికే ఈ గతి పట్టినప్పుడు, కోట్ల సంఖ్యలో ఉన్నవాటి మాట చెప్పనేల?

పైగా, మూసిన పెట్టెలోనే వెండిపై కొన్నాళ్లకు తెల్లని మచ్చలు ఏర్పడవచ్చు. ఇక వెండి ధర కూడా స్థిరం కాదు. 2011 ఏప్రిల్‌లో ఔన్సు 50 డాలర్లను సమీపించిన వెండి, 2015 చివరికి 14 డాలర్ల దరికి దిగింది.

కొనదలచినవారు మూడు విషయాలు విచారించాలి. ఆ నాణేలు మొత్తం ఎన్ని తయారయ్యాయి? వాటిలో 70 పొందినవి నిరుడు ఎన్ని, నేడు ఎన్ని? అమ్మకందారు కోరే ధర అటుంచి, వేలంలో నిజంగా ముట్టిన ధర ఎంత? రెండవ ప్రశ్నకు జవాబు గ్రేడింగ్ సంస్థల పట్టికలలోనే లభిస్తుంది.

ముచ్చటపడి ఒక నాణెం కొనుక్కోవడాన్ని మేము తప్పుపట్టము. అయితే బిడ్డ చదువుకు చెల్లించవలసిన రుసుము గడువు తేదీతో వస్తుంది. నాణేన్ని మెచ్చి కొనే మనిషి ఎప్పుడు వస్తాడో ఎవరు చెప్పగలరు? ఆ సోదరునికి మేము చెప్పిందిదే: చదువుకు కావలసినంత మేరకు వెండి వెలకే అమ్మివేయండి. కుమార్తె పుట్టిన సంవత్సరపు నాణేన్ని మాత్రం ఆమె చేతికే ఇవ్వండి.