హోటల్ లిఫ్టులో దెబ్బ తగిలితే...

పెళ్లిళ్లకనీ యాత్రలకనీ వెళ్లి హోటళ్లలో దిగుతుంటాం. లిఫ్టు తలుపు తెరుచుకున్నా, లోపల లిఫ్టు ఉందో లేదో చూసి మరీ అడుగు వేయండి. జాలీ తలుపులైతే పిల్లల వేళ్లు, మన చీర కొంగు జాగ్రత్త. మధ్యలో ఆగిపోతే అలారం నొక్కి ఓపిక పట్టండి. సందులోంచి దూకొద్దు.

దెబ్బ తగిలితే మేనేజరు కట్టు కట్టించి, కాఫీ ఇప్పించి సాగనంపుతాడు. మనమూ "పోనీలే" అనేసుకుంటాం. అలా ఊరుకోకండి. ముందు డాక్టరుకి చూపించుకోండి. జరిగింది కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సీసీ కెమెరా రికార్డు చెరపవద్దని కూడా అందులో రాయండి. గది బిల్లు, ఆసుపత్రి చీటీలు, చూసినవాళ్ల ఫోన్ నంబర్లు దాచుకోండి. "మాకే అభ్యంతరం లేదు" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

ఖర్చులివ్వమని మొండికేస్తే, 2019 వినియోగదారుల చట్టం కింద 2 ఏళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వకీలు లేకపోయినా ఫరవాలేదు. సలహాకు 1915కి ఫోన్ చేయండి.